నల్ల తెర మీద పుట్టినరోజులు

డ్యూటీలు వేసే గుమాస్తాకి డిపోలో స్నేహితులుండరు. ఉన్నట్టు కనబడే వాళ్లంతా సెలవు కోసం వచ్చినవాళ్లే. టీ ఇప్పిస్తారు, మోకాలి నొప్పి తగ్గిందా అని అడుగుతారు, ఆ తర్వాత మెల్లగా, "ఎల్లుండి ఒక్కరోజు సూడు బావా" అంటారు. ఒకరికి సెలవు రాస్తే ఇంకొకరు డబుల్ డ్యూటీ చెయ్యాలి. ఆ రెండోవాడు సాయంత్రం నా కిటికీ ముందు నిలబడి ఏమంటాడో ఇక్కడ రాయలేను. ఉద్యోగంలో చివరి ఏళ్లన్నీ నేను ఆ కిటికీ వెనకే గడిపాను.

శ్రీకాకుళం జిల్లాలో ఒక బస్సు డిపో. ఏ ఊరిదో చెప్పను. ఎవరి పేరూ చెప్పను, చాలామంది ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. మా వీధిలో కొత్తగా ఉద్యోగాలకి కుదిరిన పిల్లలు సాయంత్రాలు మా అరుగు మీద చేరి, "మీ రోజుల్లో కంప్యూటర్లుండేవా తాతగారూ?" అని అడుగుతుంటారు. నేను రిటైరై ఎన్నేళ్లో కాలేదు గానీ వాళ్లకది రాజుల కాలం. ఉండేవమ్మా. వాటిలో ఒకదాని సంగతే మీకు చెప్పబోతున్నాను.

సెల్ ఫోను అందరి జేబుల్లోకీ వచ్చేసి, పెద్ద తెర ఫోను మాత్రం ఇంకా కొందరి దగ్గరే ఉన్న రోజులు. మా డిపోకి కొత్త మేనేజరు వచ్చాడు. గోదావరి అవతలివాడు, ఇంజనీరింగు చదివినవాడు, మా కొడుకుల వయసు. మంచివాడు. మంచి చెయ్యడానికి ఒక్క రోజు కూడా ఆగలేని రకం.

వచ్చిన కొత్తలోనే ఒక సాయంత్రం విశాఖపట్నం బస్సు బయల్దేరుతుంటే, కండక్టరు సీటు మీద కేకు పెట్టె చూశాడు.

"ఇదేంటండీ, బస్సులో?"

"మా గుంట పుట్టినరోజు సార్. ఇంటికాడ ఎడితే ఈలోగా దాని తమ్ముడు తినీస్తాడు. నాను రేపు దిగీసరికి అది బడికెల్లిపోతాది, సాయంత్రం నాకు మల్లీ డ్యూటీ. ఎల్లుండి కోస్తాం."

కండక్టరు ఈ మాట ఏడుస్తూ ఏమీ చెప్పలేదు. మాకందరికీ అది మామూలు. మేనేజరుకి మాత్రం ఆ కేకు విశాఖపట్నం వెళ్లి తిరిగి రావడం మనసులో పడిపోయింది. మర్నాడే నన్ను పిలిచాడు. "గురువుగారూ, ఇకమీద మన స్టాఫులో ఎవరి పుట్టినరోజైనా, పెళ్లిరోజైనా ఆ రోజు దూరం బస్సు వెయ్యకండి. సాయంత్రానికి ఇంట్లో ఉండాలి మనిషి. పొద్దున్నే మైకులో పేరు చదువుదాం. ఒక గులాబీ, ఒక స్వీటు పొట్లం నా చేత్తో ఇస్తాను."

"ఎవరిది ఎప్పుడో గుర్తుండాలి కద సార్" అన్నాను.

"మీకు గుర్తుండక్కర్లేదు" అని నా గదిలోకొచ్చాడు.

నా గదిలో ఒక ముసలి కంప్యూటరు ఉండేది. కొత్త ప్రోగ్రాము ఏది పెట్టినా మూలిగి పడుకునేది. దానికి అక్షరాలు చాలని మేనేజరే ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఒక ఫైలు. ఒక్కో సంగతికీ ఒక్కో వరస: తేదీ, సంవత్సరం, పేరు, ఆ రోజు ఏమిటన్నది ఒక్క మాట. పుట్టినరోజుకి బర్త్‌డే, పెళ్లిరోజుకి యానివర్సరీ. తెలుగు రాస్తే ఆ తెర మీద గళ్లు గళ్లుగా వచ్చేది, అందుకని అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. పొద్దున్న ఒక మీట నొక్కితే ఇవాళ ఎవరికేముందో, అది ఎన్నోదో, తనే లెక్క కట్టి చూపించేది. రాబోయేవి కూడా కొంచెం ముందే చెప్పేది. డ్యూటీలు వేసేవాడికి అంతకంటే ఏం కావాలి? నాకది బాగా నచ్చింది.

ఫైలు నింపే పని నాది. రికార్డుల్లో ఉన్న పుట్టిన తేదీలన్నీ ఎక్కించాను. మేనేజరు వెనక నిలబడి చూస్తున్నాడు. చూసి చూసి, "గురువుగారూ, ఏదో తేడా వచ్చింది. సగం మంది జూలై ఒకటినే పుట్టారేంటి?" అన్నాడు.

కిటికీ దగ్గరున్న పాత కండక్టరొకాయన నవ్వి, "మమ్మల్నందర్నీ ఎడ్మాస్టరే కన్నాడు సార్" అన్నాడు.

నిజమే. మా తరం పిల్లల్ని బళ్లో వెయ్యడానికి తండ్రి తీసుకెళ్తే, పుట్టిన తేదీ ఎప్పుడంటే ఆయన నోరు వెళ్లబెట్టేవాడు. హెడ్మాస్టరు తనకి తోచింది వేసుకునేవాడు. ఆ తేదీతోనే ఉద్యోగాలొచ్చాయి, ఆ తేదీతోనే రిటైరవుతాం. కానీ జూలై ఒకటిన అందరినీ ఊళ్లోనే ఉంచితే ఆ రోజు జిల్లాలో బస్సు తిరగదు. అందుకని మేనేజరు కొత్త మాట పుట్టించాడు: "ఇంట్లోవాళ్లని అడిగి అసలు తేదీలు తెండి."

ఆ నెలంతా నా కిటికీ దగ్గర తిరునాళ్లే. ఒకాయన తల్లి ఫోనులోనే చెప్పింది, "శ్రీకూర్మంలో డోలుత్సవానికెల్లి వచ్చిన మర్నాడు నొప్పులొచ్చినాయి నాయినా" అని. ఇంకొకాయన ఏటి గట్టు తెగిన ఏడని తెచ్చాడు. ఏ గట్టో, ఎన్నిసార్లు తెగిందో తేలలేదు. తల్లిదండ్రులు లేనివాళ్లు తమకి నచ్చిన తేదీ ఎంచుకున్నారు. ఒక మెకానిక్కు పెళ్లాం పుట్టినరోజే తనదీ అని రాయించుకున్నాడు, ఒక్కసారితో రెండూ అయిపోతాయని. అందరూ నవ్వుకుంటూ వచ్చారు. నా ఉద్యోగంలో నన్ను తిట్టకుండా మనుషులు నా కిటికీ దగ్గరకి రావడం అదే మొదలు.

రానివాడు ఒక్కడే.

రాజాం వైపు రైతు కుటుంబం వాడు, డ్రైవరు. నేనూ వాడూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. ఒకరినొకరు బావా అనుకోవడమే గానీ చుట్టరికం లేదు. హారను కొట్టడం ఇష్టం లేని డ్రైవరు. గేదెలు అడ్డొస్తే అవి దాటేదాకా ఆగేవాడు, లోపల పాసింజర్లు గోల పెట్టినా. ఏటా వానల రోజుల్లో ఒక తేదీన సెలవు అడిగేవాడు. ఏడాది మొత్తంలో వాడు నోరు తెరిచి అడిగే సెలవు అదొక్కటే. ఎందుకో నాకు తెలుసు. పాతవాళ్లలో కొందరికి తెలుసు.

కొన్నేళ్ల కిందట కళింగపట్నం దారిలో, సముద్రానికి దగ్గరున్న ఒక ఊరి మలుపులో, వాడి బస్సు కింద ఒక మనిషి పడ్డాడు. ఎండుచేపలు మోపెడు బండి మీద వేసుకుని సంతలకి తిరిగే వ్యాపారి. వాన పడుతోంది. ఎదర గడ్డి ట్రాక్టరు వస్తోంది. బండి జారి మనిషి బస్సు వెనక చక్రం కిందికి వచ్చేశాడు. విచారణలో డ్రైవరు తప్పు లేదని తేలింది, కేసు మూసేశారు. కేసు మూసినవాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు. వాడు మాత్రం ఏడాది తిరిగిన రోజున, ఎవరికీ చెప్పకుండా, ఆ చనిపోయినాయన ఇంటికి వెళ్లాడు.

మొదటిసారి వెళ్తే ఆయన బావమరిది, సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి, గెంటేశాడు. మరుసటి ఏడు బయట ఇసకలో కూర్చుని వచ్చేశాడు. ఆ తర్వాతి ఏడు ఆ ఇల్లాలు మంచినీళ్లిచ్చింది. అలా అలా ఆవిడ "అన్నా" అని పిలిచేదాకా వచ్చింది. వాడు వెళ్లి చేసేదేమీ లేదు. పటానికి దండం పెడతాడు, నాలుగు పళ్లు అక్కడ పెడతాడు, వాళ్లు పెట్టిన అన్నం తిని సాయంత్రం బస్సుకి వచ్చేస్తాడు.

ఫైలు పని అయిపోవచ్చినప్పుడు నేనే వాణ్ణి టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను.

"నీదీ జూలై ఒకటేనేటి బావా?"

"అదే. అడుగుదావంటే మా అమ్మ నేదు."

"పెళ్లిరోజు?"

చెప్పాడు. కాసేపు టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "ఇంకోటుంది బావా. అదీ రాసీ."

నాకర్థమైంది. "దానికి ఫైలెందుకు? నాకు గుర్తుంటాది కదా."

"నువ్వు రిటైరైపోతే? నీ కుర్సీలో కూకున్నోడికల్లా నాను మొదట్నించీ సెప్పుకోవాలి. ఒక్కసారి సెప్పీసరికే నోరెండిపోతాది నాకు. ఫైల్లో ఉంటే అడక్కండానే ఇస్తాడు."

"అందులో రెండు మాటలే పడతాయి. బర్త్‌డే, యానివర్సరీ. ఏటని రాయమంటావు?"

"యానివర్సరీ అంటే ఏటి? ఏడాది తిరిగి వచ్చినట్టే కదా?"

"అంతే."

"మరి అదే రాయి. ఇదీ ఏడాదే."

మా వైపు పోయినవాళ్లకి ఏటా ఆ రోజున చేసేదాన్ని ఏడాది అంటాం. వాడి మాటలో తప్పేమీ నాకు కనబడలేదు. తేదీ, ఆ ప్రమాదం జరిగిన సంవత్సరం, వాడి పేరు, యానివర్సరీ అన్న మాట. రాసేశాను. మొదటిసారి ఆ వరస తెర మీదికి వచ్చినప్పుడు కిటికీ దగ్గర నేనే ఉన్నాను. మైకులో చదవాల్సిన కాగితం మీదికి దాన్ని ఎక్కించలేదు, సెలవు మాత్రం రాశాను. అలా గడిచిపోయింది.

మరుసటి ఏడు నాకు సాయంగా ఒక అమ్మాయిని వేశారు. విజయనగరం పిల్ల, ఉద్యోగానికి కొత్త. పని అంటే ప్రాణం. స్వీటు పొట్లాల మీద కంప్యూటరులో అందంగా అచ్చు వేసిన చీటీలు అంటించడం ఆమె ఆలోచనే. పేరు, కింద హ్యాపీ బర్త్‌డే అనో హ్యాపీ యానివర్సరీ అనో. అందరూ ఆ చీటీలు ఇంటికి పట్టుకెళ్లి దాచుకునేవాళ్లు.

ఆ ఏడు ఆ రోజున నన్ను విజయనగరంలో మీటింగుకి పంపించారు. వెళ్లే ముందు ఆమెకి చార్టు ఎలా వెయ్యాలో, ఎవరిని ఎవరి పక్కన వెయ్యకూడదో గంటసేపు చెప్పాను. మా డ్రైవరు సెలవు ముందే రాసిపెట్టాను గానీ, ఆ ఒక్క వరస మైకులో చదవకూడదని చెప్పాలని తట్టలేదు. ఆమె పొద్దున్నే వచ్చి మీట నొక్కింది. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివింది, పొట్లానికి చీటీ అంటించింది. అంతకంటే ఆమె చేసింది ఏమీ లేదు.

తర్వాత పదిమంది చెప్పగా నాకు తెలిసింది ఇది. మా డ్రైవరు తెల్లచొక్కా వేసుకుని, పళ్ల సంచితో, కళింగపట్నం మొదటి బస్సు ఎక్కడానికి డిపోకి వచ్చాడు. మైకు మోగింది. "మన డ్రైవరు గారికి ఏడవ యానివర్సరీ శుభాకాంక్షలు." డ్యూటీ ఎక్కబోతున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేనేజరు ఎదురొచ్చి చెయ్యి కలిపి, గులాబీ చొక్కాకి తనే పెట్టి, పొట్లం చేతిలో ఉంచాడు. కొత్తగా చేరిన కుర్ర డ్రైవర్లకి వాడి పిల్లలు పెళ్లీడుకొచ్చారని తెలుసు. వాళ్లలో ఒకడు, "ఏడోదేటి మావా? సాటుగా రెండో పెళ్లి సేసుకున్నావేటి?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు.

వాడు "థాంక్యూ సార్" అన్నాడట. బస్సు ఎక్కేశాడట.

ఆ బస్సు కండక్టరమ్మ పాతావిడ, ఆవిడకి సంగతి తెలుసు. దారిలోంచే నాకు ఫోను చేసింది. "ఏటి సార్ ఇది? ఆ మనిషి కిటికీ పక్కన కూకుని, ఆ పొట్లం ఒళ్లో ఎట్టుకుని, సెక్కబొమ్మలాగున్నాడు. పువ్వు కూడా తియ్యనేదు. పలకరిస్తే పలకడం నేదు."

మీటింగు హాలు బయటకి వచ్చి వాడికి చేశాను. ఎత్తలేదు. మేనేజరుకి చేసి ఉన్నది చెప్పాను. "పువ్వు నేనే పెట్టానండీ" అన్నాడు. "ఇప్పుడే వెళ్దాం. వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పుకుందాం."

"వద్దు సార్. ఇప్పుడు మనం వెళ్తే అది మన మనసు కుదుటపడ్డానికే. వాళ్ల ఇంట్లో ఏడాది జరుగుతోంది. రేపు డ్రైవరుతో మాట్లాడదాం" అన్నాను. ఆయన కాదనలేదు.

నేను లోపలికి వెళ్లి కూర్చున్నాను. వేదిక మీద ఎవరో డీజిలు పొదుపు గురించి చెబుతున్నారు. ఫోను మళ్లీ కదిలింది. ఈసారి వాడే.

"బావా, నువ్వు రావాల. నాను సెప్తే ఈల్లు నమ్మడం నేదు."

వాడు నన్ను ఏదైనా అడగడం, ఆ సెలవు కాక, అదొక్కసారే. బయల్దేరాను. దారిలో డిపో దగ్గర మేనేజరు, నా ఫోను అందుకుని, జీపుతో సిద్ధంగా ఉన్నాడు. వెనక సీట్లో ఆ అమ్మాయి కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. "నువ్వెందుకమ్మా?" అంటే, "మైకులో సదివింది నేనే కద సార్" అంది. నేను జీపెక్కాను.

మేం చేరేసరికి ఎండ వాలుతోంది. సముద్రం గాలి, ఎండబెట్టిన చేపల వాసన. రేకుల ఇల్లు. లోపల గోడకి ఆయన పటం, దండ, ముందు ఆకులో వడ్డించిన అన్నం. వాకిట్లో మంచం మీద ఆ పొట్లం. మా వాడు దడి బయట ఎండలో నిలబడి ఉన్నాడు, చొక్కా మీద పువ్వు పెట్టిన చోట చిన్న ఎర్ర మరక. గుమ్మానికి అడ్డంగా బావమరిది. అతని వెనక పరికిణీ ఓణీలో ఒక అమ్మాయి, పదో తరగతి చదివే వయసు. చనిపోయినాయన కూతురు. చీటీ చదివి మేనమామకి చెప్పింది ఆమే.

"రండి, రండి" అన్నాడు బావమరిది మేనేజరుని చూసి. "ఆఫీసరు మీరేనా? ఆ సీటీ మీద ఏటుందో మీరూ ఒకపాలి సదవండి. మా బావ సచ్చిపోయిన రోజు మీ డిపోలో పండగేటి? స్వీట్లు పంచుకుంటారేటి? మడిసి మంచోడనుకున్నాం. కంచంలో అన్నం ఎట్టినాం. ఈడికిది పెల్లిరోజు లాగుంది!"

మేనేజరు చేతులు జోడించాడు. "క్షమించండి. సిస్టమ్‌లో పొరపాటు జరిగింది."

"సిస్టమంటే ఎవులు?" అన్నాడు అతను.

నేను ముందుకొచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పుట్టినరోజుల ఫైలు సంగతి, అందులో రెండే మాటలు పట్టడం, మా వాడు ఈ తేదీ కూడా రాయమనడం, ఏడాది అన్న అర్థంతో ఆ ఇంగ్లీషు మాట మేమిద్దరం టీ కొట్టు దగ్గర ఒప్పుకోవడం. చెబుతుంటే నాకే అది చాలా చిన్నగా వినబడింది. అతను కళ్లు ఆర్పకుండా విన్నాడు. విజయనగరం పిల్ల నా పక్కకొచ్చి, "మైకులో సదివింది నాను అన్నా. తెలీక సదివినాను. ఆయన ఒక్క మాటంటే అక్కడే ఆపీదును. ఆయన నోరిప్పనేదు" అంది.

బావమరిది మా వాడి వైపు తిరిగాడు. "నువ్వెందుకు నోరిప్పనేదు? నేదు బాబూ, ఇది సావు అని సెప్పడానికి నీకేటి రోగం?"

మా వాడు అప్పటిదాకా నేల చూస్తున్నవాడు తలెత్తాడు. "అంతమంది నవ్వుతన్నారు. సగం మంది నాకు తెలీనోల్లు. ఆ నవ్వుల్లో ఆయన పేరు తియ్యమంటావేటి? నాకు తియ్యబుద్ధవనేదు."

గాలికి మంచం మీద పొట్లం చీటీ టపటపా కొట్టుకుంది. లోపల్నించి ఆ ఇల్లాలి గొంతు వచ్చింది, "ఒరే, జరగరా. ఎండలో ఎంతసేపు నిలబెడతావు మనుషుల్ని?" అని. ఆవిడ బయటకి వచ్చి మా వాడికి చెంబుతో నీళ్లిచ్చింది. "కాల్లు కడుక్కో అన్నా. నీ ఆకు ముందు కూకోకండా వొదిలీసినావు. అన్నం సల్లారిపోనాది."

బావమరిది జరిగాడు. కానీ కూతురు జరగలేదు. నా దగ్గరకొచ్చి అడిగింది.

"మీ కంప్యూటర్లో మా నాన్న పేరుందా?"

"లేదమ్మా. డ్రైవరు పేరే ఉంది."

"ఏడాది మా నాన్నది కదా. పేరు ఈయనది ఎందుకు రాసినారు?"

అది స్టాఫు ఫైలనీ, అందులో మావాళ్ల పేర్లే ఉంటాయనీ చెప్పబోయి ఆగిపోయాను.

"మా నాన్న పేరుంటే హ్యాపీ అని ఎవులూ సదవరు" అంది. "ఈయన ఎవరింటికెల్తన్నాడో అందులోనే ఉండాల. స్పెల్లింగు నాను సెప్తాను. తప్పు రాయకండి."

మేనేజరు జేబులోంచి కలం తీశాడు. ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే తన అరచేతిలో రాసుకున్నాడు.

మాకూ అన్నం పెట్టారు. తిన్నాం. బావమరిది మాతో కూర్చోలేదు, సముద్రం వైపు వెళ్లిపోయాడు. సాయంత్రం జీపులో మా వాణ్ణి కూడా ఎక్కించుకున్నాం. మా మధ్య సీటు మీద ఆ స్వీటు పొట్లం ఉంది. దారంతా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న మేనేజరు ఆ ప్రోగ్రాములో మూడో మాట కలిపాడు. ఇంగ్లీషు అక్షరాల్లోనే, కానీ మన మాట: ఏడాది. ఆ మాటున్న వరసలు మైకు కాగితంలోకి రావు, డ్యూటీ గుమాస్తాకి మాత్రమే కనబడతాయి. మొదటి వరసగా ఆ ఎండుచేపల వ్యాపారి పేరు నేను కొట్టాను. పక్కన, ఎవరికి సెలవు ఇవ్వాలో, మా వాడి పేరు.

ఈ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. అయినా డిపోలో పాకిపోయింది. ఒకరొకరుగా నా కిటికీ దగ్గరకి రావడం మొదలెట్టారు, పక్కన ఎవరూ లేనప్పుడు చూసుకుని. ఒక మెకానిక్కు తల్లిది. ఒక కండక్టరు, పురిట్లోనే పోయిన బిడ్డది. మా వాణ్ణి రెండో పెళ్లని ఏడిపించిన కుర్ర డ్రైవరు కూడా వచ్చాడు. వాడి అన్న పోయిన రోజు రాయమన్నాడు. పుట్టినరోజు అడిగితే ఎవరెవరినో కనుక్కుని వచ్చినవాళ్లు, ఈ తేదీ మాత్రం ఎవరినీ అడగలేదు. తడుముకోకుండా చెప్పి, నేను సరిగ్గా కొట్టానో లేదో తెర మీదికి వంగి చూసి వెళ్లారు.

మీరిప్పుడు ఫోనులో ఎవరిదో పుట్టినరోజని రాగానే ఒక కేకు బొమ్మ పంపించేస్తారు. తప్పని అనను, నేనూ పంపిస్తాను. ఆ మేనేజరు చేసింది కూడా అదే, చేత్తో చేశాడంతే. నేనాయన్ని ఇప్పటికీ తప్పు పట్టను. సంతోషంగా ఉండే రోజున మనిషి ఇంటికి చేరాలన్న ఆలోచన ఆయనకి రాకపోతే, బాధగా ఉండే రోజు గురించి మమ్మల్ని ఎవరడిగేవాళ్లు? నా మటుకు నాకు ఆ తర్వాత డ్యూటీ చార్టు వెయ్యడం తేలికా అయింది, కష్టమూ అయింది. ఫలానా వాడు ఇవాళ చిరాకుగా ఎందుకున్నాడో తెలిసేది. తెలిశాక వాడిమీద కేకలెయ్యడం కుదిరేది కాదు.

మరుసటి ఏడు ఆ రోజున మా వాడు ఎప్పట్లాగే మొదటి బస్సుకి వెళ్లిపోయాడు. పొద్దెక్కాక, కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారని తలెత్తితే, ఆ బావమరిది. లుంగీ, మడత పెట్టిన తువ్వాలు, గుబురు మీసం. పడవ దగ్గర్నించి తిన్నగా వచ్చినట్టున్నాడు. ఇంటి దగ్గర ఏడాది పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చాడో తెలీక లేచి నిలబడ్డాను.

"మా బావ పేరు ఇయాల ఇందులో వస్తాదంట కదా. మా మేనకోడలు సెప్పినాది."

"వచ్చింది."

"ఒకపాలి సూపించు."

కంప్యూటరు తెరని కిటికీ వైపు తిప్పాను. అతనికి చదువు రాదని నాకు అప్పటికి తెలీదు. నల్ల తెర వైపు అలా చూస్తూనే ఉన్నాడు. అప్పుడర్థమై, ఆ పేరు కింద వేలు పెట్టి, ఒక చివర్నించి ఇంకో చివరిదాకా మెల్లగా జరిపాను. అతని కళ్లు నా వేలి వెంట వచ్చాయి.

"ఇంతేనా?" అన్నాడు. "ఇంగిలీసులో ఇంత సిన్నదేటి మా బావ పేరు?"

"అంతే."

వెనక ఎవరో సెలవు కోసం వచ్చి నిలబడ్డారు. అతను పక్కకి జరగలేదు. "మల్లీ ఒకపాలి సూపించు" అన్నాడు. నేను మళ్లీ మొదటి అక్షరం కింద వేలు పెట్టాను.